మధ్యవర్తి లేకుండా నేపాలీ పనివారిని కుదుర్చుకోవాలంటే...
వీసా అక్కరలేదు, కాగితాలు మాత్రం తప్పనిసరి

మూసాపేట: ఇంటి పనికి, వంటకు, వృద్ధుల సంరక్షణకు, అపార్ట్‌మెంట్ కాపలాకు నేపాల్ దేశస్థులను కుదుర్చుకోవడం మూసాపేట, కూకట్‌పల్లి మొదలుకొని మాదాపూర్, గచ్చిబౌలి వరకు ఐటీ కారిడార్ పొడవునా కనిపించే ఆనవాయితీ. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో పగలంతా ఇంటిని కనిపెట్టుకొని ఉండే మనిషి అవసరం. ఏజెన్సీని ఆశ్రయిస్తే కమీషన్ చెల్లించవలసి ఉంటుంది. పనివారు మధ్యలో మానేస్తే ఆ సొమ్ము తిరిగి రాదు. అందువల్ల పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ద్వారానో, తెలిసినవారి మాటమీదనో నేరుగా కుదుర్చుకునేవారే ఎక్కువ. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. అయితే ప్రభుత్వం అనుమతి అడగదు గనుక రాతకోతలతో పనిలేదన్న భావన యజమానులలోనూ, పనివారిలోనూ పాతుకుపోయింది. చోరీ జరిగిన రోజున యజమానికి, జీతం ఎగవేతకు గురైన రోజున పనివారికి చేతిలో ఒక్క ఆధారమూ లేకపోవడానికి ఇదే కారణం.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఈ ప్రాంతం ముఖచిత్రం మారుతూ వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్-అమీర్‌పేట మెట్రో మార్గం మూసాపేట మీదుగా ప్రారంభమైంది. 2022 జూన్‌లో కైతలాపూర్ వంతెన అందుబాటులోకి వచ్చి కూకట్‌పల్లి వైపు నుంచి హైటెక్ సిటీకి దారి దగ్గరైంది. మాదాపూర్ అద్దెలు భరించలేని ఉద్యోగుల కుటుంబాలు ఇటువైపు స్థిరపడ్డాయి. పాతకాలపు రెండంతస్తుల ఇళ్ళు ఉన్న చోట లిఫ్టు, సెల్లారు, సెల్లారులో వాచ్‌మన్ గది ఉన్న భవనాలు వెలిశాయి. ఆ గదులలో ఒకప్పుడు పాలమూరు, శ్రీకాకుళం జిల్లాల కుటుంబాలే ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు నేపాలీ కుటుంబాలు కూడా కనిపిస్తున్నాయి.

ఏ దేశస్థులకు వీలుంది?

విదేశీయులను ఇంటి పనికి పెట్టుకోవడం విషయంలో భారతదేశపు నిబంధనలు చాలా కఠినమైనవి. ఉపాధి వీసాపై వచ్చే విదేశీయునికి ఏడాదికి కనీసం 16 లక్షల 25 వేల రూపాయల వేతనం ఉండాలని కేంద్ర హోంశాఖ నిర్దేశించింది. తమ దేశపు వంటకాలు వండే వంటవారు, ఆంగ్లేతర విదేశీ భాషల ఉపాధ్యాయులు, అనువాదకులు, రాయబార కార్యాలయ సిబ్బంది వంటి కొద్దిమందికి మాత్రమే ఈ పరిమితి నుంచి మినహాయింపు ఉంది. అర్హులైన భారతీయులు విరివిగా దొరికే సాధారణ పనులకు ఉపాధి వీసా ఇవ్వరాదన్నది మరో నిబంధన. అంటే సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో కొన్నేళ్ళు ఉండి తిరిగి వచ్చిన కుటుంబం అక్కడి ఫిలిప్పీన్స్ లేదా ఇండోనేషియా పనిమనిషిని ఇక్కడికి రప్పించుకోవాలనుకుంటే మామూలు దారిలో సాధ్యపడదు. పర్యాటక వీసాపై రప్పించి ఇంట్లో పని చేయించుకోవడం వీసా నిబంధనల ఉల్లంఘన అవుతుంది.

నేపాల్, భూటాన్ పౌరుల సంగతి వేరు. 1950 జులై 31న కాఠ్‌మాండూలో భారత, నేపాల్ ప్రభుత్వాలు శాంతి, మైత్రీ ఒప్పందంపై సంతకాలు చేశాయి. నాటి నేపాల్ ప్రధాని మోహన్ శంషేర్ జంగ్ బహదూర్ రాణా, భారత రాయబారి చంద్రేశ్వర్ ప్రసాద్ నారాయణ్ సింగ్ సంతకందారులు. ఒక దేశపు పౌరులకు మరో దేశంలో నివాసం, ఆస్తి, వర్తక వాణిజ్యాలు, రాకపోకల విషయంలో సమానమైన సౌకర్యాలు కల్పించాలని ఆ ఒప్పందంలోని 7వ అధికరణం చెబుతున్నది. దీని పుణ్యమా అని నేపాలీయులు భారతదేశంలో ఉండటానికి గానీ, ఇళ్ళలో పని చేయడానికి గానీ వీసా, వర్క్ పర్మిట్ అవసరం లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం పాతకాలపు నాలుగు చట్టాలను రద్దు చేసి వాటి స్థానంలోకి వచ్చింది. ఈ కొత్త చట్టం కింద జారీ అయిన మినహాయింపు ఉత్తర్వులు కూడా తమ దేశ సరిహద్దు గుండా వచ్చే నేపాల్, భూటాన్ పౌరులకు పాస్‌పోర్టు, వీసా అవసరం లేదన్న పాత వెసులుబాటును కొనసాగించాయి.

ఈ వెసులుబాటు మరే పొరుగు దేశానికీ లేదు. బంగ్లాదేశ్, మయన్మార్ దేశస్థులు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి ప్రవేశిస్తే కొత్త చట్టం ప్రకారం ఐదేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డు ఉపాధి అనుమతి కాదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారతదేశం చేరలేదు. తక్కువ జీతానికి వస్తున్నారని ఆరా తీయకుండా ఇంట్లో ఆశ్రయమిచ్చేవారు తరువాత పోలీసు స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఇక్కడ మరో సంగతి గమనించవలసి ఉంది. నేపాలీ మాట్లాడే ప్రతివారూ నేపాల్ పౌరులు కారు. డార్జిలింగ్, సిక్కిం, అస్సాం ప్రాంతాల గూర్ఖాలు భారత పౌరులు. నేపాలీ భాషకు 1992లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో స్థానం లభించింది. ముఖ కవళికలు చూసి డార్జిలింగ్ యువతిని విదేశీయురాలిగా రాయించడం, ఆమెను పౌరసత్వ రుజువులు అడగడం అజ్ఞానమే కాదు, అవమానం కూడా. ధ్రువపత్రం చూసిన తరువాతే ఏ దేశమన్నది నిర్ధారించుకోవాలి.

'బహదూర్' అన్నది గుర్తింపు కాదు

రాత్రివేళ కర్ర చప్పుడు చేస్తూ, ఈల వేస్తూ వీధులు తిరిగి, నెల మొదట్లో గడప గడపకూ వచ్చి మామూలు తీసుకువెళ్ళే గూర్ఖా హైదరాబాద్ వాసులకు చిరపరిచితుడు. ఆయన అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అందరూ 'బహదూర్' అనే పిలుస్తారు. ఆ అలవాటే ఇళ్ళలోకి కూడా వచ్చింది. రెండేళ్ళుగా వంట చేసి పెడుతున్న మనిషి పూర్తి పేరు, సొంత జిల్లా తెలియని ఇళ్ళు కొల్లలు. ఏదైనా జరిగి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పోలీసులు అడిగే మొదటి ప్రశ్న పేరు, ఊరు. ఫోను నంబరు తప్ప మరేదీ చెప్పలేని యజమానికి ఆ ఫోను స్విచ్ఛాఫ్ అయితే ఇక దారి లేదు.

నేపాల్ పౌరుని ప్రధాన గుర్తింపు ఆ దేశపు జిల్లా యంత్రాంగం జారీ చేసే పౌరసత్వ ధ్రువపత్రం. దీనిని నేపాలీలో 'నాగరికతా ప్రమాణపత్ర' అంటారు. నేపాల్ పాస్‌పోర్టు, నేపాల్ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు కూడా ఉండవచ్చు. పౌరసత్వ పత్రం దేవనాగరి లిపిలో ఉంటుంది గనుక హిందీ చదవగలిగినవారు పేరు, జిల్లా, జారీ తేదీ సులువుగానే పోల్చుకోగలరు. అందులోని తేదీలు విక్రమ సంవత్సరంలో ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. విక్రమ సంవత్సరం మన లెక్కకు సుమారు 57 ఏళ్ళు ముందు ఉంటుంది. పుట్టిన సంవత్సరం 2055 అని రాసి ఉన్నంత మాత్రాన పత్రం నకిలీదని కంగారుపడనక్కరలేదు. అది 1998 ప్రాంతపు పుట్టుక అన్నమాట.

ఆధార్ కార్డు ఉంది గదా అని తృప్తి పడేవారు కూడా ఉన్నారు. గడచిన పన్నెండు నెలల్లో 182 రోజులు లేదా అంతకు మించి భారతదేశంలో నివసించిన నేపాల్, భూటాన్ పౌరులు తమ దేశపు పత్రాలు చూపి ఆధార్ పొందవచ్చు. వారికి అది పదేళ్ళ కాలపరిమితితో వస్తుంది. ఆధార్ నివాసానికి సంబంధించిన గుర్తింపే తప్ప పౌరసత్వానికి రుజువు కాదు. ఏ దేశ పౌరుడన్నది తేల్చుకోవడానికి దానిపై ఆధారపడరాదు.

పత్రాల నకళ్ళు మాత్రమే తీసుకోవాలి. అసలు పాస్‌పోర్టును, పౌరసత్వ పత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం కొన్ని ఇళ్ళలో 'జాగ్రత్త' పేరిట జరుగుతోంది. పనివారిని పారిపోకుండా కట్టిపడేసే ఈ పద్ధతి గల్ఫ్ దేశాలలో మన తెలుగువారికి జరిగినప్పుడు అన్యాయమని గగ్గోలు పెడతాం. మన ఇంట్లో అదే పని చేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

పోలీసులకు తెలియజేయడం

2020 అక్టోబరులో రాయదుర్గం ప్రాంతంలోని ఒక ఇంట్లో పనికి కుదిరిన నేపాలీయులు కుటుంబ సభ్యులకు మత్తుమందు కలిపిన ఆహారం పెట్టి నగదు, నగలతో ఉడాయించిన ఘటన నగరంలో సంచలనం రేపింది. ఆ తరువాత పనివారి వివరాలు ముందుగా తెలియజేయాలన్న విజ్ఞప్తులు మరింత గట్టిగా వినిపించాయి. ఇటువంటి నేరాలలో తరచుగా కనిపించే తీరు ఒకటే. పాత పనివారు సెలవు పేరుతో వెళుతూ 'మా బంధువులు' అంటూ కొత్తవారిని అప్పగిస్తారు. యజమాని కొత్తవారి పత్రాలు అడగడు. కొద్ది రోజులకో, వారాలకో ఇంట్లో అందరూ ఊరికి వెళ్ళిన సమయం చూసి చోరీ జరుగుతుంది. కాబట్టి బదిలీగా వచ్చే మనిషిని కూడా కొత్తగా కుదుర్చుకున్నట్లే పరిగణించి మొదటినుంచి విచారణ చేయవలసి ఉంటుంది.

పనివారి ఫొటో, ధ్రువపత్రాల నకళ్ళు, సొంత ఊరి చిరునామా, ఇక్కడి చిరునామా, ఇంతకుముందు పని చేసిన ఇంటి వివరాలతో సమీప పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వవచ్చు. అద్దెకున్నవారు, పనివారి వివరాలు తెలియజేయడానికి పోలీసుశాఖ హాక్‌ఐ యాప్‌ను కూడా అందుబాటులోకి తెచ్చింది. అయితే ఈ విచారణకు ఒక పరిమితి ఉంది. శ్రీకాకుళం మనిషి అయితే అక్కడి స్టేషన్‌కు వివరాలు పంపి విచారించవచ్చు. నేపాల్‌లోని అఛామ్, కైలాలీ, బజురా వంటి జిల్లాలకు అలా మామూలుగా ఉత్తరం రాసి వివరాలు తెప్పించుకునే వీలు ఇక్కడి స్టేషన్‌కు ఉండదు. అందువల్ల పాత యజమానితో స్వయంగా మాట్లాడటమే అన్నిటికన్నా విలువైన విచారణ. ఫోనులో 'మంచివాడే సార్' అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఆ ఇంటికి వెళ్ళి ఎంతకాలం పని చేశారు, ఎందుకు మానేశారు, జీతం బకాయి ఏమైనా ఉందా అని అడిగి తెలుసుకోవాలి. పనివారు ఇచ్చే నేపాల్ నంబరుకు వారి ఎదుటే ఫోను చేసి ఇంటివారితో మాట్లాడించమనడం మరో సులువైన మార్గం. భార్యకో, తల్లికో ఫోను ఇచ్చి మాట్లాడించిన మనిషి తన ఊరి పేరు దాచుకోలేడు.

కొద్దిమంది చేసిన నేరాలకు ఒక దేశం వారందరినీ అనుమానించడం సబబు కాదన్నది ఇక్కడే చెప్పుకోవాలి. వేలాది ఇళ్ళలో వృద్ధులను, పసిపిల్లలను నేపాలీ పనివారి చేతులలో పెట్టి యజమానులు నిశ్చింతగా ఆఫీసులకు వెళ్ళి వస్తున్నారు. విచారణ అన్నది అనుమానం కొద్దీ కాక, అందరికీ ఒకే రీతిన జరగవలసిన పని. తెలుగువారైనా, బీహారీలైనా, నేపాలీయులైనా అవే కాగితాలు, అవే ప్రశ్నలు.

ఒప్పందం తెల్ల కాగితంపైనైనా సరే

ఇంటి పనివారి కోసం ప్రత్యేకమైన సమగ్ర కేంద్ర చట్టం లేదు. ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో 189వ ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుకూలంగా ఓటు వేసిన భారతదేశం ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెబుతూ, ఇంటి పనివారికి చట్టపరమైన రక్షణ కొరవడిందని పేర్కొని, అటువంటి చట్టం అవసరాన్ని పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. అయినా ఇంటి నాలుగు గోడల మధ్యకు తనిఖీ అధికారి రావడం అరుదు. ఈ పరిస్థితిలో ఇరువురి మధ్య రాసుకున్న కాగితమే కొండంత అండ.

అది స్టాంపు పేపరుపైనే ఉండాలన్న నియమం లేదు. ఇరువురికీ అర్థమయ్యే హిందీలో, వీలైతే తెలుగులో కూడా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, చెరొక ప్రతి ఉంచుకుంటే చాలు. ఏయే పనులు, ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగింపు, నెల జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు, వారంలో ఏ రోజు సెలవు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. 'ఇంట్లో మనిషిలా ఉంటే చాలు' అన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది గానీ, తెల్లవారుజామున ఐదు గంటలకు కాఫీతో మొదలై రాత్రి పదకొండు గంటలకు ఆఫీసు నుంచి వచ్చేవారికి వడ్డించడంతో ముగిసే దినచర్యకు అది ముసుగు. రాత్రి షిఫ్టులు చేసే ఐటీ కుటుంబాలలో పని వేళలు మరీ గందరగోళంగా ఉంటాయి. రోజుకు కనీసం ఎనిమిది గంటల ఎడతెగని విశ్రాంతి అని రాసుకోవడం ఇరువైపులా మంచిది.

దంపతులను కుదుర్చుకునే ఇళ్ళలో ఒక అన్యాయం మామూలు విషయమైపోయింది. భర్తకు కాపలా పని పేరున జీతం ఇస్తారు. భార్య మెట్లు కడిగి, మూడు ఫ్లాట్లలో అంట్లు తోమి, పిల్లవాడిని స్కూలు బస్సు ఎక్కించినా ఆ పని 'గది ఇచ్చినందుకు' లెక్కలో కలిసిపోతుంది. ఇద్దరికీ వేరు వేరుగా పని, వేరు వేరుగా జీతం రాయాలి. గది అద్దె జీతంలో కోస్తున్నట్లయితే ఎంత అన్నది కూడా రాయాలి. సెల్లారు గదిలో గాలి, వెలుతురు, స్నానాల గదికి తలుపు ఉన్నదీ లేనిదీ చూసుకోవలసిన బాధ్యత అపార్ట్‌మెంట్ సంఘానిది.

వైద్యం సంగతి ఎవరూ రాసుకోరు. రాష్ట్ర ప్రజల కోసం రేషన్ కార్డుల ఆధారంగా నడిచే వైద్య పథకాలను నేపాల్ పౌరులు నమ్ముకోలేరు. బాల్కనీ అద్దాలు తుడుస్తూ జారిపడితే, కుక్కర్ పేలి చెయ్యి కాలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్నది ఆ రోజు తేల్చుకునే విషయం కాదు. సాధారణ బీమా సంస్థల వద్ద వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీ తీసుకోవడానికి ఏడాదికి అయ్యే ఖర్చు ఏజెన్సీకి కట్టే కమీషన్‌తో పోలిస్తే చాలా తక్కువ.

సెలవుల విషయంలో ముందుచూపు అవసరం. నేపాలీయులకు దశైన్ అతి పెద్ద పండుగ. అది మన దసరా రోజులలోనే వస్తుంది. తరువాత కొద్ది వారాలకే దీపావళి వేళ తిహార్. సరిగ్గా మన ఇళ్ళలో పని ఎక్కువగా ఉండే రోజులలోనే వారు ఊరికి వెళ్ళాలనుకుంటారు. పశ్చిమ నేపాల్ కొండ జిల్లాలకు వెళ్ళి రావడానికి రైలు, బస్సు, నడక కలిపి రానూపోనూ వారం రోజులు దారిలోనే గడిచిపోతాయి. అందుచేత నెల రోజుల సెలవు అడుగుతారు. ఆ నెల జీతం ఉంటుందా, సగమా, లేదా అన్నది ముందే తేల్చుకోకపోవడం వల్ల చాలా ఇళ్ళలో పండుగ ముందు తగవులు జరుగుతున్నాయి.

జీతం 'జమ' ప్రమాదకరం

నెలనెలా జీతం చేతికి తీసుకోకుండా 'మీ దగ్గరే ఉంచండి, ఊరికి వెళ్ళేటప్పుడు ఇవ్వండి' అని చెప్పే పనివారు చాలామంది ఉన్నారు. గదిలో దాచుకునే వీలు లేక, బ్యాంకు ఖాతా లేక చేసే పని ఇది. నోటి లెక్కల మీద పది నెలల జీతం నిలిచిపోయాక అడ్వాన్సులు, మందుల ఖర్చు, ఫోను రీచార్జి అంటూ కోతలు మొదలవుతాయి. ఎవరి లెక్క నిజమన్నది ఆ దేవుడికే తెలియాలి. యజమాని నిజాయితీపరుడైనా సరే, చివరికి మిగిలేది మనస్పర్థే.

ఆధార్, నేపాల్ పత్రాలు చూపి ఇక్కడి బ్యాంకులో ఖాతా తెరిపించి జీతాన్ని అందులో వేయడం అన్నిటికన్నా ఉత్తమం. నేపాల్‌కు సొమ్ము పంపడానికి రిజర్వ్ బ్యాంకు 2008 మే నెలలో ప్రత్యేక సదుపాయం ప్రవేశపెట్టింది. నెఫ్ట్ సౌకర్యం ఉన్న బ్యాంకు శాఖ నుంచి స్టేట్ బ్యాంకు ద్వారా నేపాల్‌లోని కుటుంబానికి ఈ సొమ్ము చేరుతుంది. తొలుత ఒక్కో పర్యాయానికి 50 వేల రూపాయలుగా ఉన్న పరిమితిని 2021 అక్టోబరు 1 నుంచి 2 లక్షల రూపాయలకు పెంచారు. ఖాతా లేనివారు నగదు కట్టి పంపడానికి మాత్రం 50 వేల పరిమితి ఉంది. ఏడాది జీతం నడుముకు కట్టుకొని జనరల్ బోగీలో ప్రయాణించే మనిషికి ఈ సదుపాయం గురించి చెప్పడం యజమాని చేయగలిగిన పెద్ద సాయం. నెలనెలా బ్యాంకు ద్వారా చెల్లించిన జీతం తగవు వచ్చినప్పుడు యజమానికి కూడా రుజువుగా పనికివస్తుంది.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. కూతురి పెళ్ళికో, ఇంటి కప్పుకో అడిగిన 50 వేలు ఇచ్చి, 'బాకీ తీరేదాకా కదలడానికి వీల్లేదు' అనడం కేవలం మొరటుతనం కాదు. అప్పు పేరుతో మనిషి స్వేచ్ఛను, వేరే చోట పని చేసుకునే హక్కును అడ్డుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. వెట్టిని నిషేధించిన రాజ్యాంగంలోని 23వ అధికరణం రక్షణ పౌరులకే పరిమితం కాదు. నేపాల్ పౌరునికి కూడా అది వర్తిస్తుంది.

మహిళలు, పిల్లలు

ఇంట్లోనే ఉండి పని చేసే మహిళకు గొళ్ళెం వేసుకునే గది ఉండటం మొదటి షరతు. పని ప్రదేశాలలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగానే గుర్తించింది. బాధితురాలు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ప్రాథమిక ఆధారాలు ఉన్నట్లు కమిటీ భావిస్తే ఏడు రోజులలోగా ఆ ఫిర్యాదును పోలీసులకు పంపాలి. అత్యవసర వేళల్లో 112కు, మహిళల సహాయానికి 181కు ఫోను చేయవచ్చు. ఈ నంబర్లను పనికి చేరిన రోజునే చెప్పి ఆమె ఫోనులో దాచుకోమనడానికి వెనుకాడే యజమాని ఉంటే, వెనుకాడటానికి కారణమేమిటో ఆయనే ఆలోచించుకోవాలి.

ఇళ్ళలో 14 ఏళ్ళలోపు పిల్లలను పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. 2016 సవరణ తరువాత ఆ వయసువారిని ఏ పనిలోనూ పెట్టుకోరాదన్న సాధారణ నిషేధం వచ్చింది. 'పాప ఆడించడానికి మా చెల్లెలిని తెస్తాను' అని పనివారే అడిగినా ఒప్పుకోరాదు. పౌరసత్వ పత్రం ఇంకా రాని వయసు పిల్లలే ఇటువంటి పనులకు వస్తుంటారు గనుక, పత్రం లేదన్న మాటే హెచ్చరిక. అటువంటి పిల్లలు కనిపిస్తే 1098కి తెలియజేయాలి. పనివారి పిల్లలు 6 నుంచి 14 ఏళ్ళలోపువారైతే, పుట్టిన తేదీ పత్రం లేదన్న కారణంతో పాఠశాలలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు.

ఇతర దేశాలలో ఎలా?

ఏజెన్సీ లేకుండా నేరుగా కుదుర్చుకోవడానికి సింగపూర్ ప్రభుత్వం కూడా అనుమతిస్తుంది. అక్కడి తెలుగు కుటుంబాలు భారతదేశం నుంచి పనివారిని రప్పించుకోవడానికి ఈ వెసులుబాటు పనికివస్తుంది. అయితే మధ్యవర్తి లేనంత మాత్రాన నిబంధనలు సడలవు. పనిమనిషి వయసు 23 నుంచి 50 ఏళ్ళ మధ్య ఉండాలి. కనీసం ఎనిమిదేళ్ళు చదివి ఉండాలి. తొలిసారి పెట్టుకునే యజమాని శిక్షణ తరగతికి హాజరు కావాలి. 5 వేల సింగపూర్ డాలర్ల పూచీకత్తు, వైద్య, ప్రమాద బీమా, ప్రతి ఆరు నెలలకు వైద్య పరీక్ష తప్పనిసరి. 2013 నుంచి వారానికో రోజు సెలవు అమలవుతోంది. 2023 నుంచి నెలలో కనీసం ఒక సెలవును డబ్బు ఇచ్చి కూడా రద్దు చేయడానికి వీల్లేదు.

కువైట్, ఒమన్, సౌదీ అరేబియాలకు ఇంటి పనికి వెళ్ళే కడప, గోదావరి జిల్లాల మహిళల విషయంలో మన ప్రభుత్వమే అడ్డుకట్టలు వేసింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి అవసరమైన ఆ దేశాలకు ఇంటి పనికి వెళ్ళే మహిళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016లో వారి నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపాలని నిర్దేశించారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ యజమాని, ఇక్కడ పనిమనిషి ఇద్దరి వివరాలూ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. మూసాపేటలో నేపాలీ వంటమనిషిని కుదుర్చుకునే కుటుంబాన్ని ఆ వివరాలు ఎవరూ అడగరు.

పని మానేటప్పుడు

చేరేటప్పుడు తీసుకున్న శ్రద్ధ మానేటప్పుడు కూడా అవసరమే. ఎవరు ముందు చెప్పినా పదిహేను రోజులో, నెలో గడువు ఉండాలని ఒప్పందంలోనే రాసుకోవాలి. చివరి రోజున జీతం, సెలవు దినాల సొమ్ము, అడ్వాన్సు లెక్క ఒకే కాగితంపై వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి. గేటు పాసు, తాళంచెవులు వెనక్కి తీసుకొని, తలుపు తాళం కోడ్ మార్చుకొని, పోలీసులకు ఇచ్చిన దరఖాస్తు విషయమై పని మానేసిన సంగతి తెలియజేయాలి. పనివారు మరో ఇంట్లో చూపించుకోవడానికి ఎంతకాలం, ఏ పని చేశారన్నది నాలుగు వాక్యాలలో రాసి ఇవ్వడం మర్యాద. ఏజెన్సీ లేని ఈ ఏర్పాటులో ఆ చీటీయే తరువాతి యజమానికి పూచీకత్తు.

గేటెడ్ కమ్యూనిటీలలో వాడే యాప్‌లలో పనివారికి నక్షత్రాలు వేసి, 'నమ్మదగదు' అని వ్యాఖ్య రాసే ధోరణి కనిపిస్తోంది. ఆ వ్యాఖ్యను సదరు మనిషి చూడలేదు, జవాబు చెప్పలేదు. జీతం పెంచమన్నందుకు రాసిన ఒక్క మాటతో ఆ కాలనీ మొత్తంలో ఆమెకు పని దొరకకుండా పోవచ్చు. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. జరగకపోతే ఆ వ్యాఖ్య రాయకూడదు.